భిన్నమైనదానికి సున్న చుట్టండి

కోదాడకు దగ్గర్లోని ఒక తండాలో మేము చూసిన సంగతితో మొదలుపెడతాం. ఒకటో తరగతి పిల్లల ముందు ఒక కాగితం ఉంది. దాని మీద నాలుగు బొమ్మలు: కోడి, కోడిపిల్ల, కుక్క, గంప. కింద ఒక ఆదేశం: "భిన్నమైనదానికి సున్న చుట్టండి." ఒక పాప కుక్కకు సున్న చుట్టింది. దాని మీద ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు పడింది. సరైన జవాబు గంప అట. మిగతా మూడూ ప్రాణులు, గంపకు ప్రాణం లేదు.

బడి వదిలాక మాలో ఒకరు ఆ పాపను గోర్‌బోలిలో అడిగారు, కుక్క ఎందుకు వేరైందని. పాప తడుముకోలేదు. పొద్దుగూకితే యాడి కోడినీ పిల్లల్నీ గంప కింద కమ్ముతుంది. గంప లేకపోతే కుక్క పిల్లల్ని ఎత్తుకుపోతుంది. కాబట్టి కోడి, పిల్ల, గంప ఒక జట్టు. కుక్క వేరు.

ఆ పాప తప్పు చేసిందా? వేరు చేయడమంటే ఒక నియమం పెట్టుకొని, దానికి సరిపోయేవాటిని ఒకవైపు, సరిపోనివాటిని ఇంకోవైపు పెట్టడం. పాప ఆ పని పూర్తిగా చేసింది. ఆమె నియమం కాగితం తయారుచేసినవాళ్ల నియమం కాదు, అంతే. కానీ ఆ ఇంటూ గుర్తులు నాలుగు పోగైతే ఆమె పేరు పక్కన పడే మాట "లెక్కల్లో వెనుకబాటు". సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల తండాల్లో, ఎరుకల వాడల్లో మా పిల్లల మీద ఆ మాట ఐదారేళ్లకే పడుతోంది. ఒకసారి పడ్డాక పదో తరగతి దాకా ఊడదు. మేము రాస్తున్నది ఆ మాట గురించి. ఆ రోజు ఎర్ర సిరా పెట్టిన టీచరును నిందించడానికి కాదు. ఆమె చేతికి కాగితంతో పాటు జవాబు కూడా తయారై వచ్చింది. "ఎందుకు?" అని అడగమని అందులో ఎక్కడా లేదు.

లెక్కకు ముందున్న లెక్క

మూడేళ్ల పిల్లవాడు వన్, టూ, త్రీ అంటూ హండ్రెడ్ దాకా అప్పజెప్తే ఇంట్లో అందరం సంబరపడతాం. వాడి ముందు ఏడు చింతగింజలు పోసి ఎన్ని ఉన్నాయో చెప్పమనండి. వేలు ఒక గింజ మీద ఉండగానే నోరు మూడంకెలు దాటిపోతుంది. అప్పజెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు.

అంకె పిల్లల మనసులో ఎలా పుడుతుందో జీన్ పియాజే, ఆలినా షెమిన్‌స్కా 1941లో వెలువడిన తమ పుస్తకంలో వివరించారు. వాళ్ల ప్రకారం అంకెకు ముందు మూడు పనులు రావాలి. ఒకే తీరు వాటిని ఒకచోట చేర్చడం, చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చడం, ఒకదానికి ఒకటి చొప్పున జత చేయడం. "మా ఇంట్లో ఐదు మేకలున్నాయి" అనాలంటే ఏది మేక, ఏది గొర్రె అన్నది ముందే తేలాలి. ఐదు నాలుగు తర్వాత, ఆరుకు ముందు వస్తుందని తెలియాలి. ఒక్కో మేకకు ఒక్కో మాట చొప్పున అంటగలగాలి. ఇవి రాకుండా పలక మీద "5" దిద్దిస్తే అది బొమ్మ గీయడమే అవుతుంది.

1978లో రోషెల్ గెల్‌మన్, రాండీ గాలిస్టెల్ ఇంకో అడుగు ముందుకేశారు. బడికి రాని చిన్నపిల్లలకు కూడా లెక్కింపు సూత్రాలు ఎంతో కొంత తెలుసని చూపించారు. ఒక్కో వస్తువుకు ఒక్కటే అంకె. అంకెల వరుస మారకూడదు. చివరన పలికిన అంకే మొత్తం. వస్తువు ఏదైనా లెక్కించవచ్చు. ఏ చివరి నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. మన టీచర్లు ఈ ఐదింటినీ గోడ మీద రాసిపెట్టుకొని ఒక్కో పిల్లవాడిని గమనిస్తే చాలు. వాడికి ఏది వచ్చు, ఎక్కడ ఆగిపోయాడు అన్నది పది గింజలతోనే తెలిసిపోతుంది. నెల పరీక్ష అక్కర్లేదు.

ఎవరి నియమం సరైనది

ఆ పాప ఇచ్చిన జవాబు ఈ లోకానికి కొత్తది కాదు. 1931, 32 సంవత్సరాల్లో అలెగ్జాండర్ లూరియా అనే సోవియట్ మనస్తత్వవేత్త ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో రైతులకు నాలుగు వస్తువుల బొమ్మలు చూపించాడు: సుత్తి, రంపం, గొడ్డలి, కట్టె మొద్దు. ఏది వేరు అని అడిగాడు. బడిలో చదువుకున్నవాళ్లు మొద్దు అన్నారు, మిగతా మూడూ పనిముట్లు కాబట్టి. చదువుకోని రైతులు మాత్రం నాలుగూ కలిసే ఉండాలన్నారు. మొద్దే లేకపోతే రంపంతో ఏం కోస్తారు, గొడ్డలితో ఏం నరుకుతారు అన్నారు. లూరియా దీన్ని అమూర్తంగా ఆలోచించడం ఇంకా రాని దశగా లెక్కగట్టాడు.

ఆ తర్వాత పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో క్పెల్లే జాతి రైతుల మధ్య పరిశోధకులు ఇలాంటి పరీక్షే పెట్టారు. వాళ్లు కత్తిని, కత్తితో కోసే తిండివస్తువును ఒకచోట పెట్టారు. తెలివైనవాడు ఇలాగే పెడతాడు అన్నారు. చివరికి పరిశోధకుడు, "మరి తెలివితక్కువవాడు ఎలా పెడతాడు?" అని అడిగాడు. అప్పుడు వాళ్లు పనిముట్లన్నీ ఒకవైపు, తిండివస్తువులన్నీ ఒకవైపు పెట్టి చూపించారు. అంటే బడి కోరిన జవాబు వాళ్లకు తెలియక కాదు. అది పనికొచ్చే జవాబుగా వాళ్లకు తోచలేదు. జోసెఫ్ గ్లిక్ 1975లో రాసిన ఈ సంగతి మన టీచర్ల శిక్షణలో ఒక్కసారైనా వినిపిస్తే బాగుండేది. పిల్లకు వర్గీకరణ రాదు అని రాసేముందు, మనం అడిగిన ప్రశ్న ఆమెకు అందిందా అని చూసుకునేవాళ్లం.

చెరగడం, జల్లించడం, ఏరడం

మా పిల్లలకు వేరు చేయడం రాదంటే మాకు నవ్వొస్తుంది. ఈ మూడు పట్టణాల చుట్టూ బతుకంతా వేరు చేయడం మీదే నడుస్తోంది. సాగర్ ఎడమ కాల్వ కింద పండే వడ్లు మిర్యాలగూడ మిల్లులకు చేరతాయి. అక్కడ బియ్యం, నూకలు, తౌడు, ఊక విడివిడిగా బయటికొస్తాయి. రంగు మారిన గింజను సార్టెక్స్ యంత్రం కెమెరాతో పసిగట్టి గాలితో పక్కకు ఊదేస్తుంది. మిల్లులో ఆ యంత్రం చేసే పనిని మా ఆడవాళ్లు చాట ముందు కూర్చుని కళ్లతో చేస్తారు.

ఆ పనికి మనకున్న మాటలు చూడండి. చాటతో చెరుగుతాం. బరువున్న గింజ చాటలో నిలుస్తుంది, తేలికైన పొట్టు ఎగిరిపోతుంది. జల్లెడతో జల్లిస్తాం. చిన్నది కిందికి జారుతుంది, పెద్దది పైన మిగులుతుంది. చేత్తో ఏరుతాం. రాయి, మెరిక, పుచ్చుగింజ కంటికి దొరుకుతాయి. బరువుతో వేరు చేయడం, సైజుతో వేరు చేయడం, రూపురంగులతో వేరు చేయడం. శిక్షణ పుస్తకంలో మూడు పేజీలు పట్టే పాఠం మన ఇంట్లో మూడు మాటల్లో ఉంది. మిర్చి కల్లంలో ఎర్ర కాయను, తెల్లబారిన తాలు కాయను తల్లి పక్కన కూర్చున్న నాలుగేళ్ల పిల్ల ఇట్టే విడదీస్తుంది. తాలు ఎందుకు తీయాలో కూడా చెబుతుంది, దానికి ధర తక్కువని.

తీజ్ పండుగ తీసుకోండి. పెళ్లికాని ఒక్కో ఆడపిల్లకు ఒక్కో బుట్ట. బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. తండాలో ఆడపిల్లలెందరో బుట్టలన్ని. ఒక బుట్ట తగ్గితే లెక్కపెట్టకుండానే తెలిసిపోతుంది, ఒక పిల్ల చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి. ఒకదానికి ఒకటి జతచేయడం అంటే ఇదే. ఎరుకల ఇంట్లో బుట్ట అల్లేముందు నిలువు బద్దలు, అల్లిక బద్దలు వేరు చేసి పెట్టుకుంటారు. ఒకటి పైన, ఒకటి కింద అని బద్ద నడుస్తుంది. అది క్రమం. అమ్మమ్మ కాంచళి మీద అద్దం, గవ్వ, పూస మళ్లీ మళ్లీ వచ్చే తీరు కూడా అదే.

ఇప్పుడు పట్టణాల్లో దొరికే ఎల్‌కేజీ వర్క్‌బుక్కులు తిరగేయండి. ఆపిల్, ఐస్‌క్రీం, పెంగ్విన్, విమానం. పిల్లలు కొత్త వస్తువులు చూడకూడదని మేము అనడం లేదు. కొత్త వస్తువు, కొత్త భాష, కొత్త లెక్క మూడూ ఒకే రోజు ఒకే పిల్ల నెత్తిన పెట్టకూడదని అంటున్నాం. ఏది రాక ఆమె తప్పు చేసిందో మీకెలా తెలుస్తుంది?

ఇద్దరా, రెండా

భాష దగ్గర చిక్కు ఇంకా లోతుగా ఉంది. తెలుగులో రెండు మేకలు అంటాం, ఇద్దరు అన్నలు అంటాం. మూడు చెట్లు, ముగ్గురు అక్కలు. అంటే తెలుగులో లెక్కపెట్టాలంటే ముందు మనిషా, మనిషి కానిదా అని వేరు చేయాలి. పుట్టినప్పటి నుంచి తెలుగు విన్న పిల్లకు ఇది అలవాటుగా వస్తుంది. గోర్‌బోలిలో ఏక్, ది, తీన్, చార్ అన్న మాటలు మేకకైనా అన్నకైనా ఒక్కటే. అక్కడ వేరు చేసే తీరు ఇంకొకటి. ఛోరా, ఛోరీ అన్నట్టు మాట చివరనే మగ, ఆడ తేలిపోతుంది.

అందుకే తండా పిల్ల "నాకు రెండు అన్నలు" అంటుంది. క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వు మాలో చాలామందికి గుర్తుంది. ఆమెకు రెండు అంటే ఎంతో తెలుసు. తెలియనిది తెలుగు వ్యాకరణం. కానీ తప్పు లెక్కల ఖాతాలో పడుతుంది. ఎరుకల పిల్లల కష్టం వేరు. వాళ్ల ఇంటిమాట తెలుగుకు దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి వాళ్లకు వేరే భాష ఉందన్న సంగతే చాలామంది టీచర్లకు తట్టదు.

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. రెండు భాషలు ఎదురెదురుగా ఉన్నాయి, తండా పిల్ల భాష రెండింట్లోనూ లేదు. అదే 2022లో కనీస చదువు, లెక్కల కోసం తొలిమెట్టు మొదలైంది. దేశమంతటా నిపుణ్ భారత్ 2021 జూలైలో మొదలై, మూడో తరగతి అయ్యేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కించడం రావాలని 2026-27ను గడువుగా పెట్టుకుంది. ఉద్దేశం మంచిదే. అయితే మెట్టు ఏ భాషలో కట్టారన్నది అడగాలి కదా.

చట్టాల్లో కొరత లేదు. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలంటుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా మాతృభాషే బోధనాభాషగా ఉండాలంటుంది, "వీలైనంతవరకు" అన్న మాట చేర్చి. మా తండా ఆ "వీలైనంతవరకు" దగ్గరే ఆగిపోయింది. వీలు కాదనడానికి లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన మాతృభాషా బోధన కార్యక్రమంలో గోండి, కోయ, కొలామి, సవర వంటి ఎనిమిది భాషలుండేవి. వాటిలో బంజారా ఒకటి. తెలుగు లిపిలోనే పుస్తకాలు తయారయ్యాయి. పని సాధ్యమేనని అప్పుడే తేలింది. నిలబెట్టుకోకపోవడం తర్వాతి కథ.

2011 జనగణనలో లంబాడీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు దేశంలో 32 లక్షలకు పైగా ఉన్నారు. జనగణన వాళ్లందరినీ హిందీ కింద చేర్చింది. ఏది దేనితో చేరుతుందో, ఏది వేరో పైనుంచి తేల్చేసే పద్ధతి ఒకటో తరగతి కాగితం దగ్గరే ఆగదు.

మా మీద మాకున్న విమర్శ

ఇంతవరకు చదివి, తండా జ్ఞానం ఉంటే చాలు, బడి లెక్క ఎందుకు అని ఎవరైనా అనుకుంటే అది ఇంకో పొరపాటు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద చేసిన పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. కూరగాయలమ్మే పిల్లలు కొట్టు దగ్గర చిక్కు లెక్కలు నోటితో చకచకా చేశారు. అవే లెక్కలు బడి పుస్తకం తీరులో ఇస్తే తడబడ్డారు. అటు బడిలో బాగా చేసే పిల్లలు మార్కెట్ లెక్క దగ్గర తడబడ్డారు. ఒకచోటి తెలివి దానంతట అది ఇంకోచోటికి నడిచిపోదు. మధ్యలో ఎవరో వంతెన వేయాలి. అది టీచరు పని.

ఆ వంతెన లేకపోతే నష్టం ఎవరిదో మాకు తెలుసు. వడ్లు కాంటా పెట్టిన చోట క్వింటాలుకు ఎన్ని కిలోలు తరుగు తీశారో, చిట్టీ మీద ఏ అంకె రాశారో అడగలేక సంతకం పెట్టి వచ్చిన నాయనలు మా ఇళ్లలోనే ఉన్నారు. వడ్లను చూపుతోనే ఎన్ని బస్తాలో చెప్పగలిగినవాళ్లు వాళ్లు. కాగితం దగ్గరే ఓడిపోయారు.

తప్పు మాలోనూ ఉంది. మూడేళ్ల పిల్లను వ్యాను ఎక్కించి పట్టణానికి పంపి, సాయంత్రం వందదాకా రాయించి నిద్రపుచ్చుతున్నాం. అంగన్‌వాడీలో గింజలతో ఆడిస్తే "ఆటలేనా, చదువు లేదా?" అని తగువు పెట్టుకుంటున్నాం. మన తండాల నుంచి చదువుకొని టీచర్లయినవాళ్లు కొందరు క్లాసులో గోర్‌బోలి వినబడితే "తెలుగులో మాట్లాడు" అని గద్దిస్తున్నారు. తమను నవ్వినవాళ్ల గొంతే వాళ్లకు అరువొచ్చింది. ఇది రాయడం మాకు కష్టంగా ఉంది, కానీ రాయకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

ఒక గంప చాలు

అంగన్‌వాడీ టీచర్లకు, ఒకటి, రెండు తరగతులు చెప్పేవాళ్లకు, సెలవుల్లో ఊరికొచ్చే మా కాలేజీ పిల్లలకు మేము చెప్పదలచుకున్నది చిన్నదే. ఒక గంపలో చింతగింజలు, గులకరాళ్లు, సీసా మూతలు, రకరకాల ఆకులు వేసుకోండి. గురివింద, ఆముదం గింజలు మాత్రం వద్దు, అవి విషం. మూడేళ్లలోపు వాళ్లకు చిన్న గింజలు ఇవ్వకండి, గొంతులో పడతాయి.

మొదటి రోజు ఏ ఆదేశమూ ఇవ్వకండి. "మీకు నచ్చినట్టు కుప్పలు పెట్టండి" అనండి. పెట్టాక, "ఇవన్నీ ఒక్కచోట ఎందుకు పెట్టినవ్ బిడ్డా?" అని అడగండి. గోర్‌బోలిలో చెబితే చెప్పనివ్వండి. మీకు రాకపోతే ఆయమ్మకు వస్తుంది, మూడో తరగతి పిల్లకు వస్తుంది. రెండో రోజు అవే వస్తువులను ఇంకో తీరుగా పెట్టమనండి. మొన్న రంగును బట్టి పెడితే ఇవాళ సైజును బట్టి. ఒకే గింజ ఒకరోజు ఒక కుప్పలో, ఇంకోరోజు ఇంకో కుప్పలో ఉండవచ్చని తెలియడమే అసలు పాఠం. కుక్క జవాబూ గంప జవాబూ రెండూ ఒకే క్లాసులో బతకగలిగేది అప్పుడే.

తర్వాత వరుస. చిన్న ఆకు నుంచి పెద్ద ఆకు దాకా. ఆపై జత. మధ్యాహ్న భోజనం దగ్గర ఒక్కో పిల్లకు ఒక్కో పళ్లెం పంచమనండి, ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా అడగండి. ఆ తర్వాతే లెక్కింపు, అదీ రెండు భాషల్లో: ఏక్ అంటూ ఒక గింజ, ఒకటి అంటూ అదే గింజ. అంకె గీయడం చివర. కాస్త పెద్దపిల్లలకు పియాజే ప్రశ్న ఒకటి వేసి చూడండి. ఐదు చింతగింజలు, మూడు వేరే గింజలు పెట్టి, "చింతగింజలు ఎక్కువా, గింజలు ఎక్కువా?" అనండి. చాలామంది చింతగింజలే అంటారు. నవ్వకండి. చిన్న గుంపు పెద్ద గుంపులో భాగమని తెలియడానికి సమయం పడుతుంది. కూడికలు, తీసివేతలు ఆ తెలివి మీదే నిలబడతాయి.

ఇవన్నీ చేసేటప్పుడు మేము ఒక చరిత్రను కూడా గుర్తుంచుకుంటాం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్తులుగా వేరు చేసే చట్టం తెచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వాళ్లు ఆ జాబితాలోకి ఎక్కారు. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. 1956 నాటి జాబితా ప్రకారం జగ్గయ్యపేట వైపు సుగాలీలు షెడ్యూల్డు తెగ. కోదాడ వైపు అదే భాష, అదే తీజ్, అదే బంధుత్వం ఉన్న లంబాడీలు కారు. 1976లో చట్టం మారేదాకా పక్కపక్కన ఉన్న రెండు ఊళ్ల మధ్య ఒకే జనాన్ని రెండు కుప్పలుగా పెట్టారు. ఏ నియమంతో పెట్టారని అడిగే చదువు అప్పటి మా పెద్దలకు అందలేదు.

మా పిల్లలకు అందాలి. వేరు చేయడం నేర్పేటప్పుడే, నియమం అనేది ఒకరు పెట్టేదని, దాన్ని అడగవచ్చని, మార్చి చూడవచ్చని వాళ్లకు తెలియాలి. ఆ పాప ఇప్పుడు రెండో తరగతి. కాగితం మీద ఏం గీయాలో నేర్చుకుంది, గంపకే సున్న చుడుతుంది. ఎందుకని అడిగితే భుజాలెగరేసి, "సారు చెప్పిండు" అంటుంది. పోయినేడు ఆమె దగ్గర ఒక కారణం ఉండేది. దాన్ని మళ్లీ ఆమె నోట వినేదాకా ఆమెకు లెక్కలు వచ్చాయని మేము ఒప్పుకోం.